కెనడా స్పౌజ్ పీఆర్ ఫైలు పెండింగ్‌లో ఉండగా తమ్ముడి పెళ్లికి ఇండియా వెళ్లి రావచ్చా?

గోదావరిపిల్ల

అందరికీ నమస్కారం. మాది కాకినాడ, ఇప్పుడు ఉండేది బ్రాంప్టన్‌లో. చదువుకోవడానికి వచ్చాను, చదువు పూర్తయ్యాక పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్ మీద ఉద్యోగం చేస్తున్నాను. మావారికి పీఆర్ (శాశ్వత నివాస హోదా) ఉంది, ఇంకా సిటిజన్ కాలేదు. అన్నవరంలో పెళ్లి, తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్, కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. తిరిగి వచ్చాక మావారు నన్ను ఇన్‌లాండ్‌లో స్పాన్సర్ చేశారు. ఏఓఆర్ (దరఖాస్తు అందిందనే లేఖ) వచ్చింది, బయోమెట్రిక్స్, మెడికల్ కూడా అయిపోయాయి.

ఇప్పుడు మాఘమాసంలో మా తమ్ముడి పెళ్లి కుదిరింది. ఆ ఇంట్లో ఆడపడుచును నేనొక్కదాన్నే. వర్క్ పర్మిట్‌కు వచ్చే ఏడాది ఆగస్టు దాకా గడువుంది. కానీ పాస్‌పోర్టులో అంటించిన స్టూడెంట్ వీసా మొన్న వేసవితోనే ముగిసింది. మావారు వద్దంటున్నారు. అమ్మ ఫోను చేసినప్పుడల్లా ఏడుస్తోంది. ఇలాంటి పరిస్థితిలో వెళ్లి వచ్చినవారు ఉంటే చెప్పండి.

న్యూజెర్సీ నాయుడు

అమ్మా, అడుగు బయట పెట్టవద్దు. ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) పెండింగ్‌లో ఉండగా అడ్వాన్స్ పెరోల్ (తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) చేతిలో లేకుండా దేశం దాటితే ఫైలును మీరే వదులుకున్నట్టు లెక్క. హెచ్-1, హెచ్-4, ఎల్ వంటి కొన్ని వీసాల వారికి మాత్రమే మినహాయింపు. ముందు దానికోసం ఐ-131 ఫారం వేసుకుని, ఆ కాగితం వచ్చాకే కదలండి.

ఎడ్మంటన్ చలి

నాయుడుగారూ, మీరు చెప్పింది అమెరికా గురించి అయితే అక్షరాలా నిజం. ఈవిడ ఉన్నది బ్రాంప్టన్‌లో. కెనడాలో అడ్వాన్స్ పెరోల్ అనేదే లేదు. పీఆర్ ఫైలు నడుస్తున్నంత మాత్రాన దేశం దాటకూడదనే నిబంధనా లేదు, వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అందుకే చాలామంది ధైర్యంగా టికెట్ కొనేస్తారు. చిక్కంతా తిరిగి రావడంలోనే ఉంది. శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో విమానం ఎక్కించుకునేవాడు మీ పీఆర్ ఫైలు నంబరు చూడడు, పాస్‌పోర్టులో చెల్లుబాటయ్యే వీసా ఉందా లేదా అని చూస్తాడు.

గోదావరిపిల్లగారూ, మీ విషయంలో ఆ వీసా లేదు. ముందు అది తేల్చుకోండి, మిగతావన్నీ తర్వాత.

గోదావరిపిల్ల

వర్క్ పర్మిట్ ఆగస్టు వరకు ఉంది కదండీ. అది చూపిస్తే రానివ్వరా?

ఎడ్మంటన్ చలి

రానివ్వరు. వర్క్ పర్మిట్ దేశం లోపల ఉద్యోగం చేయడానికి ఇచ్చిన అనుమతి. గుమ్మం దాటి లోపలికి రావడానికి భారతీయులకు టీఆర్‌వీ, అంటే పాస్‌పోర్టులో అంటించే తాత్కాలిక వీసా, కావాలి. అమెరికాకు మాత్రమే వెళ్లి, అక్కడి నుంచి నేరుగా తిరిగి వస్తే చెల్లుబాటయ్యే వర్క్ పర్మిట్ ఉన్నవారికి ఒక మినహాయింపు ఉంది. కాకినాడకు అది పనికిరాదు.

రాజుగారి తోట

ఇందులో రెండో సంగతి ఉంది. అది మీరు అడగలేదు కానీ అసలైనది అదే. మీరు వేసింది ఇన్‌లాండ్ ఫైలు, అంటే "కెనడాలో ఉన్న జీవిత భాగస్వామి" తరగతి. ఇమిగ్రేషన్ నిబంధనల్లో 124వ సెక్షన్ చదవండి. దరఖాస్తుదారు స్పాన్సర్‌తో కలిసి కెనడాలో కాపురం చేస్తూ ఉండాలని అందులో రాసి ఉంది. పెళ్లికని వెళ్లి కొన్ని వారాల్లో తిరిగి వస్తే దీనికి భంగం రాదు. ఎన్ని రోజులు దాటకూడదనే అంకె చట్టంలో లేదు, అధికారి విచక్షణే. కానీ వీసా రాక మీరు అక్కడే నెలల తరబడి చిక్కుకుపోతే "కెనడాలో కాపురం" అన్న షరతే పోతుంది. ఫైలు తిరస్కరించవచ్చు. పైగా ఈ తరగతిలో తిరస్కరణ వస్తే ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కు వెళ్లే హక్కు లేదు. ఫెడరల్ కోర్టులో న్యాయసమీక్ష కోరడం ఒక్కటే దారి.

ఔట్‌లాండ్ అనే ఫ్యామిలీ క్లాస్‌లో వేసి ఉంటే ఈ బెంగ ఉండేది కాదు. కెనడాలో ఉంటూ కూడా ఆ తరగతిలో వేయవచ్చు. మీరు ఎక్కడున్నా ఫైలు నడుస్తుంది, తిరస్కరిస్తే అప్పీలూ ఉంటుంది. ఇన్‌లాండ్‌లోనే వేయాలని ఎవరు చెప్పారు?

గోదావరిపిల్ల

కన్సల్టెంట్ చెప్పారండీ. భార్యాభర్తలు ఇద్దరూ ఇక్కడే ఉంటే ఇన్‌లాండే వేయాలని, ఓపెన్ వర్క్ పర్మిట్ (ఏ యజమాని దగ్గరైనా పని చేసుకునే అనుమతి) దానికే వస్తుందని అన్నారు.

రాజుగారి తోట

ఒకప్పుడు ఆ మాటకు అర్థం ఉండేది. 2014 డిసెంబరులో ప్రయోగాత్మకంగా మొదలైన స్పౌజ్ ఓపెన్ వర్క్ పర్మిట్ ఇన్‌లాండ్ వారికోసమే. 2023 మేలో నిబంధనలు సడలించి, కెనడాలోనే ఉంటున్న ఫ్యామిలీ క్లాస్ వారికీ తలుపు తెరిచారు. మీ కన్సల్టెంటుగారు పాత పాఠమే చెబుతున్నారు. ఆయనకు లైసెన్సు ఉందో లేదో కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ జాబితాలో పేరు కొట్టి చూడండి. నిమిషం పని, డబ్బు అక్కరలేదు.

మిస్సిసాగా మామయ్య

తోటగారూ, పిల్ల పెళ్లికి వెళ్లాలా వద్దా అని అడిగితే మీరు కన్సల్టెంటు జాతకం తీశారు. అమ్మాయీ, నేను చెప్పేది విను.

తరగతి మార్చమని ఫైలుకు చెప్పే వీలు లేదు. దీన్ని ఉపసంహరించుకుని కొత్తగా ఔట్‌లాండ్ వేయాలి, మళ్లీ వరుసలో చివరికి పోవాలి. ఏఓఆర్, మెడికల్ అన్నీ అయ్యాక ఒక్క పెళ్లి కోసం ఆ పని చేయనవసరం లేదు. నువ్వు చేయవలసింది ఇక్కడ ఉండగానే, అంటే కెనడా లోపలి నుంచే, ఆన్‌లైన్‌లో కొత్త టీఆర్‌వీకి దరఖాస్తు పెట్టడం. రుసుము వంద డాలర్లు. వర్క్ పర్మిట్, ఉద్యోగ ధ్రువపత్రం, జీతం స్లిప్పులు, ఇద్దరి పేర్ల మీద ఉన్న ఇంటి అద్దె ఒప్పందం, ఏఓఆర్ లేఖ, తమ్ముడి శుభలేఖ, అన్నీ జతచేయి. ఆమోదం వచ్చాక పాస్‌పోర్టు పంపమంటారు, స్టిక్కర్ అంటించి తిరిగి పంపుతారు. ఈ రానూపోనూ పోస్టు రోజులు కూడా లెక్కలో వేసుకో. మాఘం దూరం కాదు.

స్టిక్కర్ చేతికి రాకుండా టికెట్ కొనవద్దు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది.

ఇంకొకటి. పాస్‌పోర్టు గడువు ఎంతవరకు ఉందో చూసుకో. వీసా పాస్‌పోర్టు గడువు దాటి ఇవ్వరు.

చిత్తూరు చింతకాయ

ఇండియా వెళ్లాక అక్కడే వీసా వేసుకుంటే పోదా? అక్కడైతే త్వరగా వస్తుందని మా స్నేహితుడు అన్నాడు.

మిస్సిసాగా మామయ్య

స్నేహితుడికి నమస్కారం చెప్పు. 2023 అక్టోబరులో కెనడా తన 41 మంది దౌత్యాధికారులను ఇండియా నుంచి వెనక్కి పిలిపించుకున్న రోజుల్లో మా మేనకోడలు విజయవాడలో వీసా కోసం ఎదురు చూస్తూ కూర్చుంది. వీసా కేంద్రాలు తెరిచే ఉన్నాయి, ఫైలు మాత్రం కదలలేదు. దాని ఉద్యోగం ఇక్కడ, భర్త ఇక్కడ, బట్టలన్నీ ఇక్కడ. రెండు దేశాల మధ్య ఎప్పుడు ఏం తిరకాసు వస్తుందో మన చేతుల్లో లేదు. ఇక్కడ ఉండగా తిరస్కరిస్తే పెళ్లి ఒక్కటే పోతుంది. అక్కడ ఉండగా తిరస్కరిస్తే ఉద్యోగమూ పోతుంది, తోటగారు చెప్పినట్టు ఇన్‌లాండ్ ఫైలూ పోతుంది.

శ్రావణమేఘం

నేను ఇన్‌లాండ్ ఫైలు ఉండగానే హైదరాబాద్ వెళ్లి వచ్చాను. నా దగ్గర టీఆర్‌వీ, వర్క్ పర్మిట్ రెండూ చెల్లుబాటులో ఉన్నాయి. టొరంటో పియర్సన్ విమానాశ్రయంలో అధికారి మొదట అడిగినవి మూడు ముక్కలు: ఎక్కడ పని చేస్తున్నారు, ఎంతకాలం బయట ఉన్నారు, ఎందుకు వెళ్లారు. పీఆర్ ఫైలు ఉందా అనీ అడిగారు, ఉందని చెప్పాను. చాలామంది ఆ మాట దాచాలనుకుంటారు. దాచవలసిన పని లేదు. ఇమిగ్రేషన్ చట్టం 22(2) ప్రకారం, పీఆర్ కావాలనే ఉద్దేశం ఉన్నంత మాత్రాన తాత్కాలికంగా రాకూడదని లేదు, గడువు తీరితే వెళ్లిపోతారన్న నమ్మకం అధికారికి కలిగితే చాలు. అబద్ధం చెప్పి దొరికితే మాత్రం 40వ సెక్షన్ కింద ఐదేళ్లపాటు గుమ్మం మూసేస్తారు.

వర్క్ పర్మిట్ అసలు కాగితం చేతి సంచిలో పెట్టుకోండి, చెక్-ఇన్ పెట్టెలో కాదు. నా ముందున్న అబ్బాయి సామాను వచ్చే బెల్టు దగ్గరికి పంపించమని బతిమాలుతున్నాడు, పర్మిట్ అందులో ఉందట. ఆవకాయ సీసా తెస్తే కస్టమ్స్‌లో చెప్పి తీసుకురండి. ఆ తిండి పదార్థాల గడిలో "లేదు" అని నొక్కి ఇబ్బంది పడకండి.

విన్నిపెగ్ వేసవి

గోదావరిపిల్లగారి ప్రశ్న మధ్యలో నాదీ ఒకటి. నా వర్క్ పర్మిట్ గడువు అయిపోయింది. గడువు తీరకముందే స్పౌజ్ ఓపెన్ వర్క్ పర్మిట్‌కు వేశాను, ఇంకా రాలేదు. మెయింటెయిన్డ్ స్టేటస్ (నిర్ణయం వచ్చేదాకా పాత అనుమతే కొనసాగడం) మీద పని చేస్తున్నాను. వీసా స్టిక్కర్ మాత్రం ఇంకా చెల్లుతోంది, మల్టిపుల్ ఎంట్రీ. నాన్నగారికి బైపాస్ చేస్తామంటున్నారు. వెళ్లవచ్చా?

రాజుగారి తోట

మెయింటెయిన్డ్ స్టేటస్ మీరు కెనడాలో ఉన్నంతవరకే. దేశం దాటిన క్షణం పోతుంది. వీసా ఉంది కాబట్టి తిరిగి రావచ్చు, అయితే విజిటర్‌గా. అధికారి వేరే తేదీ వేయకపోతే ఆరు నెలలు ఉండనిస్తారు. పర్మిట్ చేతికి రాకముందే వెళ్తే ఉద్యోగం చిక్కులో పడుతుంది. ముందే యజమానితో మాట్లాడి సెలవు రాయించుకోండి, తిరిగి వచ్చాక పనిలో చేరే ముందు లైసెన్సు ఉన్న న్యాయవాదిని అడగండి. సరిహద్దుకు వెళ్లి తిరిగొచ్చి అక్కడే పర్మిట్ తెచ్చుకునే పద్ధతిని 2024 డిసెంబరు 23 నుంచి ఆపేశారు. పాత వీడియోలు చూసి నయాగరా వంతెన దగ్గరికి వెళ్లకండి.

ఎడ్మంటన్ చలి

నాన్నగారి బైపాస్ అంటే మాత్రం నేనైతే వెళ్తాను. ఉద్యోగం మళ్లీ దొరుకుతుంది. తోటగారి చట్టం అంతా నిజమే, కానీ ఇది తమ్ముడి పెళ్లి లాంటిది కాదు.

గోదావరిపిల్ల

ఎడ్మంటన్‌గారూ, మా తమ్ముడు ఈ చర్చ చదువుతున్నాడు :)

పుట్టింటి చీర

నాకూ ఇదే సమస్య, ఇంకాస్త పెద్దది. ఇప్పుడు ఐదో నెల. ఇన్‌లాండ్ ఫైలు వేశాం. మావారు పీఆర్. మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలని అమ్మ పట్టు. ఏడో నెలలో సీమంతం చేసి నెల్లూరు తీసుకువెళ్తామంటున్నారు. బిడ్డకు మూడో నెల రాగానే తిరిగి వద్దామని. వీసా, వర్క్ పర్మిట్ రెండూ ఉన్నాయి. ఇబ్బంది ఏమైనా ఉందా?

రాజుగారి తోట

ఉంది, చాలా ఉంది. కాస్త ఓపికగా చదవండి.

మీరు బయట ఉండేది ఐదారు నెలలు. ఇన్‌లాండ్ ఫైలుకు అది "కాస్త వెళ్లి రావడం" కిందికి రాదు. అది మొదటిది. రెండోది బిడ్డ సంగతి. కెనడాలో పుడితే పుట్టిన క్షణం నుంచే కెనడా పౌరుడు, వీసా గొడవ లేదు. నెల్లూరులో పుడితే, తల్లిదండ్రులిద్దరూ కెనడా పౌరులు కారు కాబట్టి, భారత పౌరుడు. అప్పుడు మీ ఫైలులో బిడ్డ పేరు చేర్చాలి, బిడ్డకూ పాస్‌పోర్టు, మెడికల్ కావాలి, అవి అయ్యేదాకా మీ పీఆర్ ఆగుతుంది. చెప్పకుండా ఊరుకుని మీరు ముందు పీఆర్ తీసేసుకుంటే ఇంకా ప్రమాదం. పీఆర్ వచ్చే సమయానికి ఫైలులో చూపించని బిడ్డను తర్వాత ఫ్యామిలీ క్లాస్‌లో స్పాన్సర్ చేయకుండా ఇమిగ్రేషన్ నిబంధనల్లోని 117(9)(డి) అడ్డు పడుతుంది. చాలా కుటుంబాలు ఆ ఒక్క నిబంధన దగ్గర ఏళ్ల తరబడి విడిపోయి ఉన్నాయి. పైగా ఆ పసిగుడ్డుకు ఇక్కడికి రావడానికి విడిగా విజిటర్ వీసా కావాలి, అది వచ్చేదాకా మీరూ కదలలేరు.

మూడోది. ఆంటారియోలో ఉంటే ఓహిప్ (ఆ రాష్ట్ర ఆరోగ్య బీమా) కోసం ఏ 12 నెలల్లోనైనా 153 రోజులు రాష్ట్రంలో ఉండాలి. తిరిగి వచ్చాక మీకే అవసరం.

పుట్టింటి చీర

అమ్మకు ఇవన్నీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. మొదటి కాన్పు అత్తగారింట్లో చేయిస్తే ఊళ్లో ఏమంటారని ఆవిడ బాధ.

మిస్సిసాగా మామయ్య

అమ్మనే ఇక్కడికి రప్పించు తల్లీ. మిరియాల చారు ఇక్కడా కాచుకోవచ్చు. అయితే ఒక తమాషా ఉంది. పీఆర్ లేదా సిటిజన్ అయిన పిల్లలు తమ తల్లిదండ్రులకే సూపర్ వీసా పెట్టగలరు. నీకు పీఆర్ రాలేదు, మీ ఆయనకు ఉంది. కాబట్టి అత్తగారికి సూపర్ వీసా వస్తుంది, ఒక్కసారి వస్తే ఐదేళ్ల దాకా ఉండవచ్చు. అమ్మకు మామూలు విజిటర్ వీసా వేయాలి. ఆహ్వాన లేఖలో కాన్పు తేదీ, డాక్టరుగారి ఉత్తరం పెట్టండి. కాన్పుకు అమ్మ వస్తోందని దాచి "ఊరు చూడటానికి" అని రాయవద్దు.

ఇద్దరికీ ఒకేసారి వీసా వస్తే వంటింట్లో ఎవరు ఎక్కడ నిలబడాలన్నది ఐఆర్‌సీసీ (కెనడా ఇమిగ్రేషన్ శాఖ) పరిధిలోకి రాదు.

శ్రావణమేఘం

మామయ్యా! :) పుట్టింటి చీరగారూ, విమానయాన సంస్థలు కూడా నెలలు నిండుతుంటే ఎక్కించుకోవు, డాక్టరు ఉత్తరం అడుగుతాయి. ఏడో నెల అనుకుంటున్నారు కాబట్టి టికెట్ కొనేముందు వారి నియమం చదవండి.

హాలిఫాక్స్ అల

ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను, వెళ్లేవాళ్లకు పనికివస్తుంది. నేను విశాఖలో ఉండగా పీఆర్ ఖాయం చేసే పోర్టల్ నుంచి ఈమెయిల్ వచ్చింది. ఈ పోర్టల్ కెనడా లోపల ఉన్నవారికోసం. "మీరు ఇప్పుడు కెనడాలో భౌతికంగా ఉన్నారా?" అని మొదట్లోనే అడుగుతుంది. మావారు సంబరపడి ఇక్కడి నుంచి "అవును" నొక్కేయబోయారు. ఫోనులో అరిచి ఆపాను. అవునంటే అది తప్పుడు ప్రకటన. పైగా ఈ-సీఓపీఆర్ (పీఆర్ ఖాయమైందనే ఎలక్ట్రానిక్ పత్రం) వచ్చేస్తే ఆ రోజు నుంచి పీఆర్ అయిపోతాం, పాస్‌పోర్టులో ఉన్న టీఆర్‌వీతో ఎక్కడం కుదరదు. పీఆర్ కార్డు కెనడా చిరునామాకే వస్తుంది. అంటే ఇండియాలో కూర్చుని పీఆర్ ట్రావెల్ డాక్యుమెంట్‌కు 50 డాలర్లు కట్టి మళ్లీ ఎదురుచూపులు.

బయట ఉన్నానని, ఫలానా తేదీకి తిరిగి వస్తానని వెబ్‌ఫారంలో రాశాను. టీఆర్‌వీ మీద తిరిగి వచ్చి, ఇక్కడ దిగాకే పోర్టల్‌లో మిగతాది పూర్తి చేశాను. వెళ్లేటప్పుడు పాస్‌వర్డు ఇంట్లోవాళ్లకు ఇవ్వండి, కానీ మిమ్మల్ని అడగకుండా ఏదీ నొక్కవద్దని గట్టిగా చెప్పండి. అలాగని మెయిల్ చూడకుండా ఉండవద్దు. అదనపు పత్రాలు అడిగితే గడువు పెడతారు, పెళ్లి సందడిలో అది దాటిపోతే ఉన్న ఫైలు మీదే నిర్ణయం తీసేసుకుంటారు.

విన్నిపెగ్ వేసవి

ధన్యవాదాలు తోటగారూ. యజమాని సెలవుకు ఒప్పుకున్నారు. శుక్రవారం బయలుదేరుతున్నాను.

గోదావరిపిల్ల

టీఆర్‌వీ దరఖాస్తు నిన్న రాత్రి పెట్టాం. మామయ్యగారు చెప్పిన పత్రాలన్నీ జతచేశాం, శుభలేఖ ఇంకా అచ్చు కాలేదు కాబట్టి నిశ్చయ తాంబూలాల ఫోటో, ముహూర్తపు పత్రిక పెట్టాం. మావారు నాతో రావడం లేదు. స్పాన్సర్ పీఆర్ అయితే ఆయన కెనడాలో నివసిస్తూ ఉండాలట కదా? ఆయన కూడా రెండు వారాలు వస్తే అడ్డమా?

రాజుగారి తోట

రెండు వారాలు రావచ్చు. పౌరుడు కాని స్పాన్సర్ విదేశంలో నివాసం ఉండి స్పాన్సర్ చేయకూడదు, అంతే. సెలవుకు వెళ్లి రావడం నివాసం మార్చడం కాదు. ఇద్దరి తిరుగు టికెట్లు, ఇల్లు ఖాళీ చేయలేదన్న ఆధారం ఉంచుకోండి. కలిసి ప్రయాణించిన బోర్డింగ్ పాస్‌లు దాచండి. రేపు ఇంటర్వ్యూ పిలిస్తే కాపురానికి అవీ సాక్ష్యమే.

చిత్తూరు చింతకాయ

ఒక్క చిన్న సందేహం. లండన్ మీదుగా టికెట్ చవకగా ఉంది. పరవాలేదా?

ఎడ్మంటన్ చలి

కెనడా వీసా చెల్లుబాటులో ఉన్న భారతీయులకు అక్కడ ట్రాన్సిట్ వీసా మినహాయింపు ఉంది. వీసా గడువు తీరిన పాస్‌పోర్టుతో, వర్క్ పర్మిట్ ఒక్కటే చూపించి వెళ్దామనుకుంటే పోయేటప్పుడే ఆపేయవచ్చు. కొత్త స్టిక్కర్ వచ్చాకే టికెట్ కొనండి, లండన్ వద్దనుకుంటే దుబాయ్ దారి చూసుకోండి, లేదా నేరుగా ఢిల్లీ.

న్యూజెర్సీ నాయుడు

ఇదంతా చదివాక మా అడ్వాన్స్ పెరోలే నయం అనిపిస్తోంది. కనీసం కాగితం ఒక్కటే.

రాజుగారి తోట

ఆ కాగితం ఉన్నా లోపలికి రానిస్తామన్న హామీ లేదని దాని మీదే రాసి ఉంటుంది నాయుడుగారూ.